ఆరో కుర్చీ: ఇంగ్లండు చైల్డ్‌మైండర్ల ఇళ్లలో పాఠశాల సెలవుల స్థానాల నిర్వహణ

వ్యాససంగ్రహం

ఇంగ్లండులో తమ ఇంటివద్దే ఇతరుల పిల్లలను రుసుము తీసుకొని చూసుకునే నమోదిత సంరక్షకులను చైల్డ్‌మైండర్లు అంటారు. బడి నడిచే రోజుల్లో ఉదయం, సాయంత్రం కొన్ని గంటలు మాత్రమే వారి ఇంట ఉండే పిల్లలకు సెలవుల్లో పగలంతా చోటు కావలసి వస్తుంది. చట్టం అనుమతించే పిల్లల సంఖ్య మాత్రం మారదు. ఈ రెండింటి మధ్య పుట్టే ఇరుకును చైల్డ్‌మైండర్లు ఏ లెక్కలతో, ఏ ఒప్పందాలతో సర్దుకుంటారో, ఆ సర్దుబాటులో ఎవరు మిగిలిపోతారో ఈ వ్యాసం వివరిస్తుంది. అక్కడి తెలుగు కుటుంబాల పరిస్థితిని ప్రత్యేకంగా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: చైల్డ్‌మైండర్, పాఠశాల సెలవులు, ఆఫ్‌స్టెడ్, పిల్లల నిష్పత్తి, రిటైనర్ ఫీజు, ప్రవాస తెలుగు కుటుంబాలు.

1. ఉపోద్ఘాతం

ఏప్రిల్ చివరి వారంలో బడులు మూసి జూన్ రెండో వారంలో తెరిచే తెలుగు రాష్ట్రాల్లో, వేసవిలో పిల్లలు ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకు చాలాకాలం అమ్మమ్మగారి ఊరే జవాబు. కుటుంబాలు చిన్నవై, తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే నగరాల్లో ఆ జవాబు ఇప్పుడు అంత సులువుగా దొరకడం లేదు. ఇంగ్లండులో ఇదే ప్రశ్న చుట్టూ ఎప్పుడో ఒక వృత్తి, దానిని నియంత్రించే చట్టం ఏర్పడ్డాయి.

పరాయి పిల్లలను ఇంట్లో చూసుకునేవారు నమోదు చేసుకోవాలన్న నియమం అక్కడ 1948 నాటి చట్టంతో మొదలైంది. ఆ బాధ్యత మొదట స్థానిక సంస్థలది. 2001లో విద్యా పర్యవేక్షక సంస్థ అయిన ఆఫ్‌స్టెడ్ చేతికి వచ్చింది. ప్రస్తుతం అమలులో ఉన్నది 2006 నాటి చైల్డ్‌కేర్ యాక్ట్. దాని ప్రకారం ఎనిమిదేళ్లలోపు పిల్లలను, రోజుకు రెండు గంటలకు మించి, ప్రతిఫలం తీసుకొని తన ఇంట్లో చూసుకునే వ్యక్తి ఆఫ్‌స్టెడ్ వద్ద గానీ, అనుమతి పొందిన ఏజెన్సీ వద్ద గానీ నమోదు కావాలి. స్కాట్లండు, వేల్స్‌ల నియమాలు వేరు కనుక ఇక్కడి చర్చ ఇంగ్లండుకే పరిమితం.

చైల్డ్‌మైండర్ పని అనగానే పసిపిల్లలకు పాలు పట్టడం, నిద్రపుచ్చడం, ఆడించడం గుర్తుకు వస్తాయి. ఆ పనిలో కంటికి కనిపించని సగం, ఏ రోజు ఏ గంటకు ఇంట్లో ఎందరు ఉంటారన్న లెక్క. ఆ లెక్క అత్యంత క్లిష్టమయ్యేది బడులు మూసిన రోజున.

2. అరవై మూడు రోజులు

ఒక సంవత్సరంలో సోమవారం నుంచి శుక్రవారం వరకు వచ్చే రోజులు సుమారు 261. వాటిలో ఎనిమిది ప్రభుత్వ సెలవులు తీసివేస్తే 253. ప్రభుత్వ నిధులతో నడిచే పాఠశాలలు సాధారణంగా పిల్లల కోసం తెరిచి ఉండేది 190 రోజులు. అంటే కార్యాలయాలు, ఆసుపత్రులు, దుకాణాలు పనిచేస్తుండగా బడి మాత్రం మూసి ఉండే రోజులు 63. వేసవిలో సుమారు ఆరు వారాలు, క్రిస్మస్‌కు రెండు, ఈస్టర్‌కు రెండు, మూడు విడతల మధ్యలో హాఫ్ టర్మ్ పేరిట ఒక్కొక్క వారం, వీటికి తోడు ఉపాధ్యాయుల శిక్షణ కోసం పిల్లలను రావద్దనే ఐదు రోజులు కలిసి ఈ 63 అవుతాయి.

ఇప్పుడు తల్లిదండ్రుల వైపు లెక్క. పూర్తికాలపు ఉద్యోగికి చట్టం హామీ ఇచ్చే వేతన సెలవు ఏడాదికి 28 రోజులు. యజమాని ప్రభుత్వ సెలవులను అందులోనే కలుపుకోవచ్చు. అలా కలుపుకుంటే మిగిలేవి 20. తల్లీ తండ్రీ ఏడాది పొడవునా ఒక్కరోజైనా కలిసి సెలవు తీసుకోకుండా, జ్వరానికో పెళ్లికో ఒక్కటీ వాడుకోకుండా, వంతులవారీగా ఇంట్లో కూర్చున్నా 40 రోజులే గడుస్తాయి. తక్కిన 23 రోజులకు మరొక మనిషి కావాలి. ఒంటరి తల్లికైతే 43 రోజులు.

చైల్డ్‌మైండర్ వైపు నుంచి చూస్తే అవే రోజులు గంటలుగా మారతాయి. బడి రోజుల్లో ఒక పిల్లవాడు ఉదయం ఒక గంట, సాయంత్రం రెండున్నర గంటలు ఆమె ఇంట ఉంటాడనుకుంటే, 190 రోజులకు అయ్యేవి 665 గంటలు. అదే పిల్లవాడు 63 సెలవు దినాల్లోనూ రోజుకు పది గంటల చొప్పున వస్తే 630 గంటలు. బడి ఏడాది మొత్తంలో ఇచ్చే సంరక్షణకు దాదాపు సమానమైనంత సంరక్షణ ఈ కొద్ది వారాల్లోనే కావాలి. సెలవుల స్థానాన్ని 'బడి తరువాతి స్థానానికి కొసరు'గా భావించే తల్లిదండ్రులకు, వృత్తిలోకి కొత్తగా వచ్చిన చైల్డ్‌మైండర్లకు కూడా, ఈ సమానత మొదట తోచదు. మొదటి వేసవి గడిచాక తెలుస్తుంది.

పైగా ఈ రోజులు అందరికీ ఒకేసారి రావు. సెలవుల తేదీలను కొన్ని బడులకు స్థానిక సంస్థ నిర్ణయిస్తుంది. అకాడమీలు తమవి తామే నిర్ణయించుకుంటాయి. లెస్టర్‌షైర్‌లో వేసవి సెలవులు దేశంలోని చాలా ప్రాంతాలకన్నా ముందే మొదలవుతాయి. ఒకప్పుడు అక్కడి కర్మాగారాలు జూలైలో మూతపడే ఆనవాయితీ ఇప్పటికీ బడి క్యాలెండరులో మిగిలిపోయిందని చెబుతారు. రెండు కౌంటీల సరిహద్దున ఉన్న చైల్డ్‌మైండర్ ఇంటికి రెండు బడుల పిల్లలు వస్తుంటే, ఒక బడి మూసిన వారం మరొక బడికి ఆమె పిల్లలను నడిపించుకొని వెళ్లాలి, మూసిన బడి పిల్లలను కూడా వెంటబెట్టుకొని.

3. ఆరుగురు, ముగ్గురు, ఒకరు

చైల్డ్‌మైండర్ ఒక్కతే ఉన్నప్పుడు ఏ సమయంలోనైనా ఎనిమిదేళ్లలోపు పిల్లలు ఆరుగురికి మించకూడదు. వారిలో 'చిన్న పిల్లలు' ముగ్గురికి మించకూడదు. సాధారణంగా వారిలో ఏడాదిలోపు శిశువు ఒక్కరే ఉండాలి. చిన్న పిల్లలంటే ఐదో పుట్టినరోజు తరువాత వచ్చే సెప్టెంబరు 1 వరకు ఉన్నవారు. ఈ లెక్కలో చైల్డ్‌మైండర్ సొంత పిల్లలు కూడా చేరతారు. సహాయకురాలిని పెట్టుకుంటే సంఖ్య పెరుగుతుంది కాని, ఆమె వేతనం, శిక్షణ, తనిఖీలు కూడా వస్తాయి. ఒంటరిగా పనిచేసేవారిని దృష్టిలో ఉంచుకొనే ఈ వివరణ.

నియమంలో 'ఏ సమయంలోనైనా' అన్న మాటే కీలకం. చట్టం లెక్కించేది నమోదైన పేర్లను కాదు, ఆ క్షణంలో ఇంట్లో ఉన్న తలలను. అందుకే బడి రోజుల్లో ఒకే కుర్చీలో మధ్యాహ్నం మూడున్నర దాకా ఒక పసివాడు, ఆ తరువాత ఒక బడిపిల్ల కూర్చోవచ్చు. సెలవుల్లో ఈ వెసులుబాటు పోతుంది. బడిపిల్ల ఉదయం ఎనిమిదికే వచ్చి కూర్చుంటుంది.

ఈ కుర్చీలు అన్నీ ఒకటి కావు. చిన్నవారి కోటాలో ఖాళీ ఏర్పడితే అందులో ఆరేళ్ల పిల్లను కూర్చోబెట్టవచ్చు, మొత్తం ఆరుకు మించనంతవరకు. పెద్దవారి స్థానం ఖాళీ అయితే మాత్రం, ఇప్పటికే ముగ్గురు చిన్నవారు ఉన్న ఇంట్లో అందులో మూడేళ్ల పిల్లవాణ్ని చేర్చుకోవడానికి వీల్లేదు. చిన్న కుర్చీ పెద్దలకు పనికివస్తుంది గాని పెద్ద కుర్చీ చిన్నవారికి పనికిరాదు. సెలవుల ప్రణాళికంతా ఈ ఒక్క అసమానత మీద తిరుగుతుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. నాలుగైదేళ్ల వయసులో బడిలో చేరి, బడివేళల వెలుపల, అంటే ఉదయం, సాయంత్రం, సెలవుల్లో మాత్రమే వచ్చే పిల్లలను మరో ముగ్గురు చిన్నవారితోపాటు చూసుకోవచ్చు. మొత్తం ఆరుగురి పరిమితి మాత్రం సడలదు. దీని పర్యవసానం విచిత్రంగా ఉంటుంది. జూలై దాకా పగలంతా ఇంట్లో గడిపిన నాలుగేళ్ల పిల్లవాడు ఆగస్టులో ముగ్గురు చిన్నవారిలో ఒకడు. సెప్టెంబరులో బడిలో చేరతాడు. అక్టోబరు హాఫ్ టర్మ్‌లో తిరిగి అదే ఇంటికి, అదే బొమ్మల దగ్గరకు వచ్చేసరికి అతడు ఆ ముగ్గురి బయట నిలబడవచ్చు. పిల్లవాడిలో వచ్చిన మార్పు రెండంగుళాల ఎత్తు కూడా కాదు.

తోబుట్టువుల కోసమో, తన సొంత బిడ్డ కోసమో, సంరక్షణ తెగిపోకుండా ఉండటానికో ముగ్గురి పరిమితిని దాటే అవకాశం కూడా నియమాలు ఇస్తున్నాయి. పిల్లలందరి అవసరాలూ తీరుతున్నాయని తల్లిదండ్రులకు, తనిఖీకి వచ్చినవారికి చూపగలగాలి. ఆరు దాటడానికి మాత్రం వీల్లేదు. సెలవుల్లో ఆదాయం పెంచుకోవడానికి దీన్ని వాడుకొనే చైల్డ్‌మైండర్, తనిఖీ రోజున ఇవ్వవలసిన జవాబు ముందుగానే రాసిపెట్టుకోవడం మంచిది. రాయలేకపోతే, ఆ పిల్లను చేర్చుకోకపోవడమే జవాబు.

ఎనిమిది నిండిన పిల్లలు ఈ ఆరుగురిలోకి రారు. వారిని చూసుకోవడం వల్ల చిన్నవారి సంరక్షణ కుంటుపడకూడదన్న షరతు ఒక్కటే ఉంది. వారికోసం నమోదు తప్పనిసరి కాదు, స్వచ్ఛందం. అయితే ప్రభుత్వ సాయంతో రుసుము చెల్లించే తల్లిదండ్రులు నమోదిత సంరక్షకులకే చెల్లించగలరు కనుక, చాలామంది చైల్డ్‌మైండర్లు ఆ స్వచ్ఛంద జాబితాలోనూ చేరతారు.

4. ఉపాధ్యాయురాలి బిడ్డ ఖాళీ చేసిన చోటు

నియమాలు అంకెల్లో చూసినప్పటికన్నా ఒక ఇంట్లో పెట్టి చూస్తే బాగా బోధపడతాయి. ఒక చైల్డ్‌మైండర్ ఇంటిని ఊహించుకుందాం. పగటిపూట ముగ్గురు చిన్నవారు. వారిలో ఇద్దరి తల్లిదండ్రులకు ఏడాది పొడవునా సంరక్షణ కావాలి. మూడోది ఒక ఉపాధ్యాయురాలి బిడ్డ. బడి అయ్యాక ఐదు నిండి ఒకటో తరగతి చదువుతున్న బాబు, ఏడేళ్ల పాప, తొమ్మిదేళ్ల పిల్లవాడు వస్తారు. చైల్డ్‌మైండర్ సొంత కూతురికి ఆరేళ్లు. సాయంత్రం నాలుగింటికి ఇంట్లో ఏడుగురు పిల్లలుంటారు. లెక్కకు ఆరుగురు. ఇల్లు నిండింది.

జూలైలో బడి మూస్తారు. ఉపాధ్యాయురాలు తన బిడ్డను తానే చూసుకుంటుంది. మిగిలిన ఐదుగురు పగలంతా ఉంటారు, తొమ్మిదేళ్లవాడు లెక్క బయట ఉంటాడు. ఒక్క కుర్చీ ఖాళీ, అదీ చిన్న కుర్చీ. దానికోసం ముగ్గురు అడుగుతారు. నిరుడు ఇక్కడికే వచ్చి, ఇప్పుడు బడి క్లబ్బులో చేరిన ఆరేళ్ల పిల్ల, ఆ క్లబ్బు వేసవిలో నడవదు కనుక. బడి రోజుల్లో మాత్రమే నడిచే నర్సరీకి వెళ్లే మూడేళ్ల పాప, ఆమె ఐదేళ్ల బాబుకు చెల్లెలు. ఎన్నడూ రాని కొత్త కుటుంబపు ఏడేళ్ల బాలుడు, ఆరు వారాలకూ పూర్తి రుసుము ఇస్తామంటారు. నియమం ముగ్గురికీ అడ్డు చెప్పదు. ఒకవేళ సెలవుకు వెళ్లింది ఉపాధ్యాయురాలి బిడ్డ కాక ఏడేళ్ల పాప అయివుంటే, మూడేళ్ల చెల్లెలి ప్రసక్తే వచ్చేది కాదు. తోబుట్టువుల మినహాయింపును ఆశ్రయించవలసి వచ్చేది.

అనుభవమున్న చైల్డ్‌మైండర్లు జూలై దాకా ఆగరు. సెప్టెంబరులో పిల్లలను చేర్చుకునేటప్పుడే జతలు వేసుకుంటారు: సెలవుల్లో రానివారు ఎవరు, సెలవుల్లోనే కావలసినవారు ఎవరు. బడి రోజులకే స్థానం కోరే ఉపాధ్యాయులను 'పదమూడు వారాల ఆదాయం పోతుంది' అని తిరస్కరించేవారు ఉన్నారు. అది తొందరపాటు. ఆ పదమూడు వారాల ఖాళీయే మరొక కుటుంబానికి సెలవుల స్థానం అవుతుంది. పైగా అది పెద్దవారికీ చిన్నవారికీ సరిపోయే రకం. అయితే ఈ జత కుదరని ఏడాదిలో నష్టం పూర్తిగా ఆమెదే. అందుకే ఒప్పందం అవసరమవుతుంది.

5. ఒప్పందంలోని మాటలు

సెలవుల స్థానాల విషయంలో తగవులు ఎక్కువగా పుట్టేది రుసుము ఎంత అన్నదానిమీద కాదు, రాని రోజుకు ఎవరు చెల్లించాలన్నదానిమీద. బడి రోజుల ఒప్పందం చేసుకున్న తల్లి, సెలవుల్లో స్థానం 'ఎలాగూ ఉంటుంది' అనుకుంటుంది. చైల్డ్‌మైండర్ 'అడగలేదు కనుక అక్కరలేదు' అనుకుంటుంది. జూలై రెండో వారంలో ఇద్దరికీ తెలిసివస్తుంది. కనుక ఒప్పందంలో మొదటే తేల్చవలసినది: బడి రోజుల స్థానం సెలవుల స్థానాన్ని కలుపుకొని ఉందా లేదా.

కలుపుకోనప్పుడు సాధారణంగా రెండు పద్ధతులు కనిపిస్తాయి. మొదటిది, కావలసిన తేదీలను ఒక గడువులోగా రాసి ఇవ్వడం. వేసవి తేదీలను ఈస్టర్ నాటికి, హాఫ్ టర్మ్ తేదీలను నెల ముందుగా అడగడం ఆచరణలో పనిచేసే గడువులు. గడువు దాటితే స్థానం బయటివారికి వెళ్లవచ్చని కాగితం మీద ఉండాలి. రెండోది, రిటైనర్ ఫీజు. పిల్లవాడు రాకపోయినా స్థానం వేరెవరికీ ఇవ్వకుండా నిలిపి ఉంచినందుకు చెల్లించే మొత్తం ఇది, పూర్తి రుసుములో ఒక భాగంగా ఉంటుంది. ఇందులో ఒక నీతి సూత్రం ఇమిడి ఉంది. రిటైనర్ తీసుకున్న కుర్చీలో మరొకరిని కూర్చోబెట్టి అక్కడా రుసుము తీసుకోకూడదు. తీసుకోదలిస్తే మొదటి కుటుంబానికి ముందుగా చెప్పి రిటైనర్ వదులుకోవాలి. ఈ ఒక్క విషయంలో గాలికి వదిలేసిన మాట, ఏళ్ల తరబడి కట్టుకున్న నమ్మకాన్ని ఒక్క ఆగస్టులో పోగొడుతుంది.

ఆదాయం నెలనెలా ఎగుడుదిగుడు కాకుండా ఏడాది మొత్తం రుసుమును పన్నెండుతో భాగించి సమాన వాయిదాలుగా తీసుకునేవారూ ఉన్నారు. తల్లిదండ్రులకు ఆగస్టు బిల్లు ఒక్కసారిగా మీద పడదు. అయితే మధ్యలో మానుకున్నవారికి వాడిన గంటలను లెక్కగట్టి తేడా సరిచేయాలని ముందే రాసుకోవాలి. చైల్డ్‌మైండర్ తీసుకొనే సెలవుల సంగతీ అంతే. ఆమెకూ కుటుంబం ఉంది, ఆమె పిల్లలకూ అవే సెలవులు. స్వయం ఉపాధి కనుక ఆమెకు ఎవరూ వేతన సెలవు ఇవ్వరు. ఆగస్టులో రెండు వారాలు ఇల్లు మూస్తానని జనవరిలోనే చెప్పే చైల్డ్‌మైండర్‌ను తల్లిదండ్రులు అర్థం చేసుకుంటారు, జూలైలో చెబితే చేసుకోరు.

ప్రభుత్వ సాయం ఈ చిత్రాన్ని కొంత సులభం చేస్తుంది, కొంత చిక్కుపరుస్తుంది. ఉద్యోగం చేసే తల్లిదండ్రుల తొమ్మిది నెలల వయసు నుంచి బడి ఈడు వరకు ఉన్న పిల్లలకు వారానికి 30 గంటల ఉచిత సంరక్షణ 2025 సెప్టెంబరు నుంచి అందుతోంది. అయితే అది 38 వారాలకే, ఏడాదికి 1140 గంటలు. చైల్డ్‌మైండర్ ఒప్పుకుంటే వాటిని 52 వారాలకు సాగదీయవచ్చు. అప్పుడు వారానికి దాదాపు 22 గంటలు వస్తాయి. సాగదీయనివారికి సెలవుల వారాల్లో సాయం సున్నా. బడిలో చేరిన పిల్లలకు ఈ పథకం వర్తించదు. వారికి ఉన్నది టాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్ ఖాతా. తల్లిదండ్రులు వేసే ప్రతి 8 పౌండ్లకు ప్రభుత్వం 2 పౌండ్లు జమచేస్తుంది, మూడు నెలలకు ఒక్కో బిడ్డకు 500 పౌండ్లు మించకుండా. బడి రోజుల్లో ఆ ఖాతాలో కొద్దికొద్దిగా వేసి ఉంచుకుంటే వేసవి రుసుముకు అక్కరకు వస్తుంది. ఈ మాట చేర్చుకునేటప్పుడే చెప్పడం చైల్డ్‌మైండర్‌కూ లాభమే.

పేద కుటుంబాల పిల్లల కోసం స్థానిక సంస్థలు సెలవుల్లో ఆటలు, భోజనంతో కూడిన కార్యక్రమాన్ని 2021 నుంచి దేశమంతటా నడుపుతున్నాయి. వేసవిలో మామూలుగా నాలుగు వారాలు, వారానికి నాలుగు రోజులు, రోజుకు నాలుగు గంటలు. అన్నం పెట్టడం చిన్న విషయం కాదు. కాని ఎనిమిది గంటల ఉద్యోగం చేసే తల్లికి నాలుగు గంటల కార్యక్రమం సంరక్షణ కాదు.

6. గోడల నడుమ

కాగితం మీద ఆరుగురు సరిపోవడం వేరు, హాలులో సరిపోవడం వేరు. పన్నెండేళ్లు నిండేవరకు గానీ, 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేవరకు గానీ పిల్లలు కారులో ప్రత్యేక ఆసనంలో కూర్చోవాలన్నది అక్కడి సాధారణ నియమం. ఐదు సీట్ల కారులో ఆరుగురు పట్టరు. సెలవుల్లో చైల్డ్‌మైండర్ వెళ్లగలిగిన చోట్లు నడకకో బస్సుకో అందేవి: పార్కు, గ్రంథాలయం, చెరువుగట్టు. అక్కడి గ్రంథాలయాలు 1999 నుంచి ప్రతి వేసవిలో నిర్వహిస్తున్న సమ్మర్ రీడింగ్ చాలెంజ్ ఈ ఇళ్లకు నిజంగా ఉపయోగపడుతుంది. ఖర్చు లేదు, వానకు తడవరు, ఏడేళ్ల పిల్ల తన పుస్తకం ఎంచుకుంటుండగా రెండేళ్లవాడికి బొమ్మల పుస్తకం దొరుకుతుంది.

నిద్రవేళే పెద్ద పరీక్ష. పసివాళ్లు మధ్యాహ్నం రెండు గంటలు పడుకోవాలి. బడిపిల్లలకు అదే అసలు ఆటవేళ. వాన కురుస్తున్న రోజున చిన్న ఇంట్లో ఈ రెండింటినీ ఒకే కప్పు కింద నడపడం ఏ నిష్పత్తి పట్టికలోనూ లేని నైపుణ్యం. తొమ్మిదేళ్లవాడు చట్టం లెక్కలో లేడు కాని, మధ్యాహ్నం ఒంటిగంటకు వాడి కాళ్ల చప్పుడు లెక్కలో ఉంటుంది. ఎనిమిది నిండినవారికి పరిమితి లేదని వరుసగా చేర్చుకుంటూ పోయిన ఇంట్లో, చిన్నవారి సంరక్షణ కుంటుపడకూడదన్న షరతు మొదట భంగమయ్యేది నిద్రగదిలోనే. ఎనిమిదో పుట్టినరోజున కుర్చీ ఖాళీ అవుతుంది, పిల్లవాడు కాడు.

సొంత పిల్లల సంగతి చాలామంది ఆలస్యంగా గ్రహిస్తారు. బడి రోజుల్లో అమ్మ ఇంట్లో లేని సమయం వారికి తెలియదు, వారే బడిలో ఉంటారు. సెలవుల్లో తమ గది, తమ బొమ్మలు, తమ అమ్మ మరి ఐదారుగురితో పంచుకోవాలి. తాళం వేసుకునే ఒక అలమర, సాయంత్రం ఆరు తరువాత అమ్మ కేవలం తమదే అయ్యే ఒక గంట, ఇవి లేకుండా ఈ వృత్తిలో ఎక్కువ ఏళ్లు కొనసాగడం కష్టం.

7. తెలుగు కుటుంబాలు

ఐటీ ఉద్యోగాల కోసం, ఆసుపత్రుల్లో వైద్యులుగా, నర్సులుగా ఇంగ్లండు వెళ్లిన తెలుగువారికి ఈ లెక్కలో కొన్ని అదనపు మెలికలు ఉన్నాయి. నైపుణ్య ఉద్యోగుల వీసాపై ఉన్నవారికి సాధారణంగా ప్రభుత్వ నిధులు పొందే హక్కు ఉండదు. భార్యాభర్తలిద్దరికీ ఆ హక్కు లేనప్పుడు 30 గంటల పథకమూ, టాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్ ఖాతా కూడా అందవు. మూడు, నాలుగేళ్ల పిల్లలందరికీ వర్తించే 15 గంటలు మాత్రం అందుతాయి. సెలవుల రుసుము మొత్తం వారు చేతినుంచే చెల్లించాలి.

కనుక మొదట గుర్తుకు వచ్చేది అమ్మమ్మ, నానమ్మ. సందర్శక వీసాపై సాధారణంగా ఆరు నెలల వరకు ఉండవచ్చు. బంధువు కొద్దికాలం వచ్చి మనవలను చూసుకోవడాన్ని వీసా నియమాలు అనుమతిస్తాయి, అది ఉద్యోగంగా మారనంతవరకు. వేసవికి వచ్చిన అమ్మమ్మ అక్టోబరు హాఫ్ టర్మ్‌కు ఉండవచ్చు, ఫిబ్రవరికి ఉండదు. ఆమె ఉన్నన్నాళ్లు చైల్డ్‌మైండర్ దగ్గరి స్థానాన్ని వదులుకుంటే, ఆమె తిరిగి వెళ్లేసరికి ఆ స్థానం మరొకరిది అయివుంటుంది. అలాగే ఆరు వారాలు ఇండియాకు వెళ్లే కుటుంబం. బడి రోజుల్లో అనుమతి లేకుండా పిల్లలను తీసుకువెళితే ఒక్కో బిడ్డకు ఒక్కో తల్లికీ తండ్రికీ జరిమానా పడవచ్చు కనుక, విమాన టిక్కెట్లు ఎంత ప్రియమైనా ప్రయాణం సెలవుల్లోనే. ఆ ఆరు వారాలకు రిటైనర్ ఎందుకు కట్టాలని అడగడం సహజం. సెప్టెంబరు మొదటి వారంలో ఎవరి ఇంటి తలుపు తట్టాలో ఆలోచించుకుంటే ప్రశ్న మారుతుంది.

మరొక మార్గం, ఊళ్లోని తెలుగువారిలో తెలిసిన ఎవరో ఒకరు. ఇక్కడ బంధుత్వపు పిలుపులు చట్టంతో తగాదా పడతాయి. తాత, అమ్మమ్మ, నానమ్మ, సొంత పిన్ని, మేనత్త, మేనమామ చూసుకుంటే నమోదు అక్కరలేదు. కాని పక్కవీధిలో ఉండి పిల్లలు 'పిన్నీ' అని పిలిచే ఆవిడ చట్టం దృష్టిలో పిన్ని కాదు. ఆవిడ డబ్బు తీసుకొని తన ఇంట్లో వేసవంతా నలుగురు పిల్లలను చూసుకుంటే నమోదు తప్పనిసరి, లేకపోతే అది నేరం. బదులుకు బదులు అన్న పద్ధతి విషయంలో 2009లో పెద్ద చర్చ జరిగింది. ఒకరి బిడ్డను ఒకరు వంతులవారీగా చూసుకుంటున్న ఇద్దరు మహిళా పోలీసు ఉద్యోగుల ఏర్పాటు నమోదు అవసరమైనదేనని ఆఫ్‌స్టెడ్ భావించడంతో దేశమంతటా నిరసన వచ్చింది. స్నేహితుల మధ్య అటువంటి పరస్పర సాయానికి ఆ తరువాత మినహాయింపు లభించింది. డబ్బు చేతులు మారితే ఆ మినహాయింపు వర్తించదు.

నైపుణ్య ఉద్యోగి జీవిత భాగస్వామిగా వెళ్లినవారికి స్వయం ఉపాధి చేసుకొనే హక్కు ఉంది. అంటే ఆ పక్కవీధి పిన్ని తానే నమోదిత చైల్డ్‌మైండర్ కావచ్చు. ప్రథమ చికిత్స శిక్షణ, ఇంట్లోని పెద్దలందరి నేపథ్య తనిఖీ, ఇంటి పరిశీలన, బీమా పూర్తయ్యేసరికి నెలలు పడుతుంది. జూన్‌లో ఆలోచన వచ్చినవారికి ఆ వేసవి అందదు.

8. కాదని చెప్పవలసి వచ్చినప్పుడు

ఆ ఒక్క ఖాళీ కుర్చీకోసం అడిగిన ముగ్గురి దగ్గరకు తిరిగి వస్తే, చైల్డ్‌మైండర్ ఎవరిని చేర్చుకోవాలో చట్టం చెప్పదు. వైకల్యం వంటి కారణాలతో కాదనకూడదని 2010 నాటి సమానత్వ చట్టం చెబుతుంది. తక్కినది ఆమె వివేకానికే. చాలామంది పాటించే వరుస ఇది: ముందు ఏడాది పొడవునా వచ్చేవారు, తరువాత వారి తోబుట్టువులు, తరువాత బడి రోజుల్లో వచ్చేవారు, చివర బయటివారు. ఈ వరుసను ముందే రాసి అందరికీ ఇస్తే, కాదన్న రోజున అది వ్యక్తిగతమైన అవమానంగా కనబడదు. వరుస ప్రకారం పై ఉదాహరణలో స్థానం మూడేళ్ల చెల్లెలిది. ఆరు వారాల పూర్తి రుసుము ఇస్తానన్న కుటుంబం వెనుదిరుగుతుంది. పాత పరిచయమున్న ఆరేళ్ల పిల్ల తల్లికి ఫోన్ చేసి చెప్పడం మరింత కష్టం.

ఆ రెండు కుటుంబాలు తరువాత ఎక్కడికి వెళ్లాలి? ఉద్యోగం చేసే తల్లిదండ్రులకు సాధ్యమైనంతవరకు తగినంత సంరక్షణ దొరికేలా చూడవలసిన బాధ్యతను 2006 చట్టం స్థానిక సంస్థల మీద ఉంచింది. పద్నాలుగేళ్ల వయసు పిల్లల వరకు ఇది వర్తిస్తుంది, వైకల్యమున్న పిల్లలకు ఇంకా పైవయసు వరకు. కాని స్థానిక సంస్థ కుర్చీలు తయారుచేయదు, ఉన్నవాటి జాబితా ఇస్తుంది. గత పదేళ్లకు పైగా చైల్డ్‌మైండర్ల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. ఒక చైల్డ్‌మైండర్ వృత్తి మానుకుంటే జాబితాలో తగ్గేది ఒక పేరు, ఆగస్టులో తగ్గేవి ఆరు కుర్చీలు.

అందుకే కాదని చెప్పే చైల్డ్‌మైండర్లలో కొందరు అంతటితో ఫోన్ పెట్టేయరు. ఇరుగుపొరుగు చైల్డ్‌మైండర్లతో జూన్‌లోనే ఖాళీల పట్టిక పంచుకుంటారు. ఒకరు ఇల్లు మూసే రెండు వారాలు మరొకరు తెరిచి ఉంచేలా చూసుకుంటారు. ఆరేళ్ల పిల్లకు ఆరు వారాలూ ఒకే ఇంట చోటు దొరకకపోయినా, మూడు వారాలు ఒక ఇంట, రెండు వారాలు మరో ఇంట దొరుకుతుంది. మిగిలిన ఆ ఒక్క వారానికి తల్లి తన ఇరవై రోజుల్లో ఐదింటిని పక్కన పెట్టుకుంటుంది.